జేబులో చెయ్యి

నేను నడవగలనని సర్కారువారు నాకు ఉత్తరం రాశారు. డిసెంబరు రెండో వారంలో, సముద్రపు గాలికి మా కిటికీ అద్దాలు గడగడలాడుతున్న రోజున, రిజిస్టరు పోస్టులో వచ్చింది. దరఖాస్తుదారు నామ్ గుమ్రే, వయసు అరవై మూడు. నడకకు సంబంధించిన వైకల్యం లేదు. వికలాంగుల పార్కింగు స్టిక్కరు మంజూరు కాలేదు. కింద కారణం కూడా రాశారు. దరఖాస్తుదారు ఎవరి సాయమూ లేకుండా, సుమారు ఐదు కిలోల డబ్బా మోసుకుంటూ, ఇంటి నుంచి కారు దాకా డెబ్బై మీటర్లు నడవడం విచారణాధికారి స్వయంగా చూశారట.

ఆ డబ్బాలో ఉన్నది కిమ్చీ, మా క్యాబేజీ ఊరగాయ. నేను మోసుకెళ్ళింది ఆ విచారణాధికారి కోసమే.

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని ఊరికే అన్నారా. ఈ వయసులో నాకు కడుపెలాగూ రాదు కాబట్టి ఉత్తరం వచ్చింది.

అసలు ఆ స్టిక్కరు నాకెందుకో చెప్పాలి. మొక్‌పోలో అంటే మా ఊళ్ళో, రేవుకి వెళ్ళే దారిలో ఒక పెద్ద మార్టు ఉంది. దాని మూడో అంతస్తులో, ఎస్కలేటరు పక్కన, నా ఆల్టరేషన్ కౌంటరు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడే కూర్చుని ఈ ఊరి ప్యాంట్లన్నీ పొట్టి చేస్తున్నాను. బడి మొదలయ్యే మార్చిలో యూనిఫారాలు, పెళ్ళిళ్ళ రోజుల్లో తండ్రుల కోట్లు, చలికాలంలో జిప్పులు పోయిన జాకెట్లు. ఎవరి నడుము ఏ ఏడాది ఎంత పెరిగిందో వాళ్ళ పెళ్ళాలకన్నా నాకే బాగా తెలుసు.

నాకు మూడో ఏట పోలియో వచ్చి ఎడంకాలు సన్నబడింది. అయినా అరవై ఏళ్ళు ఈడ్చుకొచ్చాను. రెండేళ్ళ నుంచి మాత్రం ఆ కాలు మొండికేసింది. ఇన్నాళ్ళూ రెండింతల చాకిరీ చేసిన కండరాలు అలిసిపోయాయనీ, పాత పోలియోవాళ్ళకి ఈ వయసులో ఇలాగే అవుతుందనీ, ఆ కాలు ఇక రిటైరవుతోందనుకోమనీ డాక్టరు చెప్పాడు. అది రిటైరైతే అయింది, నేను కాలేదుగా అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

మార్టులో పనిచేసేవాళ్ళు కార్లు వెనక మెట్ట మీద పెట్టుకోవాలి. అక్కణ్ణుంచి లిఫ్టు దాకా నాకు నాలుగొందల పది అడుగులు. అడుగులు లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. అక్టోబరులో ఆ వాలులో రెండుసార్లు పడ్డాను. నాలుగుసార్లు ఆలస్యంగా షట్టరు తీశాను. ఫ్లోరు మేనేజరు వచ్చి, చాలా మర్యాదగా, మార్చి నెలాఖరుకి కాంట్రాక్టు తిరగరాయాలనీ, ఆ చోటు కోసం ఒక ఫోను కవర్ల కంపెనీ తిరుగుతోందనీ, ఇక ఒక్కరోజు పది దాటినా తన చేతిలో ఏమీ ఉండదనీ చెప్పి, వంగి దండం పెట్టి వెళ్ళాడు. మా దగ్గర మెడకాయ కోసేముందు కూడా వంగి దండం పెడతారు.

లిఫ్టు పక్కనే నీలం రంగు పూసిన పార్కింగు గళ్ళు ఆరున్నాయి. ఎప్పుడు చూసినా మూడు ఖాళీ. అక్కణ్ణుంచి లిఫ్టుకి ఇరవై రెండడుగులు. స్టిక్కరుంటే ఆ ఇరవై రెండడుగులు నావి, కౌంటరు కూడా నాదే. లేకపోతే ఫోను కవర్లు. వైకల్యం కార్డు నాకు కిందటేడే వచ్చింది. కానీ మా పేట ఆఫీసులో పిల్ల రెండు చేతులతో ఫారం అందిస్తూ, కార్డు వేరు, స్టిక్కరు వేరు, దానికి ఇంటికొచ్చి నడక చూస్తారు అంది.

ఇక్కడ నా జేబు సంగతి చెప్పకపోతే మీకేమీ అర్థం కాదు.

మాది ఉప్పు మడులున్న చిన్న దీవి. నేను ఎడమ మోకాలి మీద చెయ్యి వేసి నొక్కుకుంటేనే ఆ కాలు నిలబడేది. నొక్కకపోతే మోకాలు మడతపడి నేలకూలేదాన్ని. అలా వంగి, అడుగు అడుక్కీ తొడ నొక్కుకుంటూ బడికి వెళ్తుంటే పిల్లలు వెనక వరసకట్టి నాలాగే నడిచేవారు. మా అమ్మ ఒకరోజు ఉప్పు మడి నుంచి వస్తూ అది చూసింది. ఇంటికొచ్చి, నా లంగాకి ఎడమవైపు ఒక జేబు కుట్టింది. అడుగు మాత్రం కుట్టలేదు. "చెయ్యి ఇందులో పెట్టి లోపల్నుంచి నొక్కుకో. జేబులో చెయ్యి పెట్టుకు తిరిగేదాన్ని పొగరుబోతంటారు. అననీ. కుంటిదనడం కన్నా నయమే" అంది.

అప్పట్నుంచి నేను తొడిగిన ప్రతి లంగాకీ, ప్రతి ప్యాంటుకీ ఎడమ జేబుకి అడుగు లేదు. కుట్టుపని నేర్చుకున్నది కూడా అందుకే. నిటారుగా నిలబడి నొక్కడం నేర్చుకున్నాను. తొడ మీద నా నాలుగు వేళ్ళ చోటు కాయ కాసిపోయింది. పెళ్ళిచూపులు టీకొట్టులో అయితే అందరికన్నా ముందు వెళ్ళి కూర్చుని, అందరూ లేచి వెళ్ళాక లేచాను. మా ఆయన యున్‌సిక్ ఓడల ఇంజన్లు బాగుచేసేవాడు, ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. నా కాలు కాస్త సన్నమని ఆయనకి తెలుసు. కొంచెం ఎగుడుదిగుడుగా నడుస్తానని తెలుసు. అంతకు మించి ముప్పై ఆరేళ్ళలో ఆయనకి నేను చూపించలేదు.

నవంబరు నెలాఖరులో, ఏడాదికి సరిపడా కిమ్చీ పెట్టుకున్న మర్నాడు, విచారణాధికారి వస్తున్నట్టు ఫోను వచ్చింది. మా వదిన, అంటే మా ఆయన అక్క పిల్‌సున్, పక్క బ్లాకులోనే ఉంటుంది. ఆమెకి కబురు తెలిసిందో లేదో పేరపళ్ళ బుట్టతో దిగిపోయింది. ఆఫీసరు ఇంటికొస్తుంటే ఇల్లు ఇలాగేనా ఉండేదంటూ నాచేత నేలంతా తుడిపించింది. నేను నొప్పి మాత్రలు రెండు మింగాను. నేవీ బ్లూ ఉన్ని ప్యాంటు ఇస్త్రీ చేసి తొడుక్కున్నాను. నడక బాగాలేదని నిరూపించుకోవలసిన రోజున, నా జన్మలో ఎన్నడూ నడవనంత బాగా నడవడానికి తయారయ్యాను. ఇంత తెలివి తక్కువ పని మా దేశంలో తప్ప ఇంకెక్కడా ఎవరూ చెయ్యరు. ఇక్కడైతే అందరూ చేస్తారు.

వచ్చినాయన పేరు తక్. ముప్పై అయిదేళ్ళుంటాయి. చలికి చెవులు ఎర్రబడి ఉన్నాయి. బూట్లు విప్పితే కుడి సాక్సు బొటనవేలి దగ్గర చిల్లు. నా కన్ను ముందు దాని మీదే పడింది, వృత్తి అలాంటిది. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే నేను లేచి నిలబడ్డాను. టీ తెచ్చాను. పేరపళ్ళు కోసి తెచ్చాను. ఎండు ఖర్జూరం పాయసం తెచ్చాను. ఆయన దేన్నీ ముట్టుకోలేదు. అర్జీదారు ఇంట్లో మంచినీళ్ళు తాగినా తప్పేనట.

తరవాత ఫారం తీసి ప్రశ్నలు అడిగాడు. ఒక్కరే లేవగలరా. ఆ, ఫరవాలేదు. మెట్లెక్కగలరా. ఏదో, అలా నడిచిపోతోంది. బస్సులో వెళ్ళగలరా. అందరితో పాటే. నన్ను ఎవరేమడిగినా ఫరవాలేదనడం నా నోటికి అలవాటు. ఇల్లు తగలబడుతుంటే పలకరించినా అదే అంటాను. పక్కన మా వదిన మెచ్చుకోలుగా తలూపుతోంది.

ఆయన లేచి వెళ్ళిపోతుంటే మా వదిన నన్ను వంటింట్లోకి లాగి, ఇంటికొచ్చిన మనిషి మంచినీళ్ళయినా ముట్టకుండా పోతే ఆ ఇంటికి ఏం మర్యాద అని, కిమ్చీ డబ్బా నా చేతుల్లో పెట్టింది. నేను వెనకపడ్డాను. లిఫ్టులో బతిమాలాను. ఆవరణలో బతిమాలాను. కారు దాకా బతిమాలుతూనే వెళ్ళాను, కుడిచేత్తో డబ్బా చంకకి ఇరికించుకుని, ఎడమచెయ్యి జేబులో. తీసుకుంటే నా ఉద్యోగం పోతుందమ్మా అని ఆయన రెండు చేతులూ జోడించాడు. కారు మలుపు తిరిగేదాకా వంగి నిలబడ్డాను. అప్పుడు మోకాలు వదిలేసింది. పూలమొక్కల గట్టు మీద అరగంట కూలబడ్డాను. చివరికి మా ఆయన వచ్చి వీపు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. అది ఆ ఆఫీసరు చూడలేదు. కిమ్చీ తీసుకోకూడదని రూలుంది గానీ, కిమ్చీ మోసిందని రాయకూడదని రూలు లేదు కదా.

ఉత్తరం వచ్చిన రోజున మా వదిన దాన్ని రెండుసార్లు చదివి, బాగుందిగా అంది. సర్కారే నువ్వు బాగున్నావని ముద్ర వేసిచ్చాక సంతోషించక ఏడుస్తావేం అంది. మా ఆయన మెల్లిగా, కౌంటరు వదిలెయ్యి, ఇన్నాళ్ళు చేసింది చాలు, ఇంట్లో కూర్చో అన్నాడు. ఆయన ప్రేమగానే అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. కాలు పోతే మనిషి కూడా పోవాలా. ఈ కాలితో నేను చదువుకున్నాను, పని నేర్చుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, ఆయన ఆరు నెలలు నడుము విరిగి మంచాన పడితే ఇల్లు నడిపాను. ఇప్పుడు ఇరవై రెండడుగుల చోటు అడిగితే ఇంట్లో కూర్చోమంటారు.

మర్నాడే మా పేట ఆఫీసుకి వెళ్ళాను. తొంభై రోజుల్లోగా అప్పీలు పెట్టుకోవచ్చంది ఆ పిల్ల. కారణం రాయడానికి ఫారంలో బొటనవేలంత గడి ఉంది. నేను వెనకాల రెండు కాగితాలు గుచ్చాను. ఆ పిల్ల చదివింది. నవ్వు ఆపుకోలేక ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. తరవాత అటూ ఇటూ చూసి, బల్ల మీదకి వంగింది.

"అమ్మా, నేనన్నానని చెప్పకండి. ఈసారి మర్యాద చెయ్యకండి."

మర్యాద చెయ్యకపోవడం నాకు చేతకాదు. అందుకని అభ్యాసం మొదలుపెట్టాను. మా వదిన రోజూ తలుపు తోసుకుని వస్తుంది కదా, ఆమె మీదే. ఆమె లోపలికొచ్చినా నేను సోఫాలోంచి లేవలేదు. మొదటిరోజు నాకు జ్వరమేమో అనుకుని నుదురు పట్టి చూసింది. రెండోరోజు కూడా లేవకపోయేసరికి, తన టీ తనే పెట్టుకుంటూ గిన్నెలు ఎత్తెత్తి పడేసింది. మూడోరోజు నేరుగానే అడిగింది.

"ఏమే, నీకు నేనంటే గిట్టడం లేదా?"

"గిట్టక కాదు వదినా. లేవకుండా ఉండటం నేర్చుకుంటున్నాను."

"ఎందుకూ, శవానివి అవుదామనా?"

నేను కూర్చునే ఉన్నాను. నవ్వులాటగా చెప్తున్నాను గానీ, పెద్ద మనిషి గుమ్మంలో నిలబడి ఉండగా కూర్చుని ఉండటం ఎంత కష్టమో మీకు తెలీదు. కుడి మోకాలు దానంతటదే ఎగిసిపడేది. చేత్తో అణచి పట్టుకోవాల్సి వచ్చేది. ఎడమదాన్ని నిలబెట్టడానికి అరవై ఏళ్ళు నొక్కాను, కుడిదాన్ని కూర్చోబెట్టడానికి ఇప్పుడు నొక్కుతున్నాను.

ఫిబ్రవరి ఇరవైన మళ్ళీ వస్తామని ఫోను వచ్చింది. మా ప్రాంతానికి ఆ పని చేసేది తక్ ఒక్కడేనట, మళ్ళీ ఆయనే. ఆ ముందురోజు మధ్యాహ్నం నేను మిషను ముందు కూర్చుని, నేవీ బ్లూ ప్యాంటు ఎడమ జేబు అడుగు కుట్టేశాను. రెండు వరసలు వేశాను, ఎక్కడైనా దయతలిచి ఊడిపోకుండా. తొడుక్కుని చెయ్యి పెట్టి చూస్తే, వేళ్ళు గుడ్డకి తగిలి ఆగిపోయాయి. భయం వేసింది. దీవిలో ఆ బడి దారి గుర్తొచ్చింది, వెనక వరసకట్టిన పిల్లలతో సహా. ఆ భయం మీద కోపం వచ్చింది. ఆ కోపాన్ని జాగ్రత్తగా మర్నాటి దాకా దాచుకున్నాను.

తక్ వచ్చాడు. మా ఆయన తలుపు తీశాడు. నేను సోఫాలో కూర్చున్నాను. కుడి మోకాలు ఎగిసింది, అణిచాను. కూర్చున్నచోటు నుంచే తల వంచాను.

"రండి బాబూ. నేను లేవలేను."

ఆ మాట నా నోట్లోంచి రావడం అదే మొదటిసారి. వంటింట్లో మా వదిన చేతిలోంచి మూత జారిపడింది. టీ లేదు, పళ్ళు లేవు. మంచినీళ్ళు కూడా పెట్టలేదు. తక్ ఎదురుగా కూర్చున్నాడు. సాక్సు చిల్లు ఇంకా అలాగే ఉంది, కాస్త పెద్దదయింది కూడా.

పాత ప్రశ్నలే అడిగాడు. ఈసారి నేను ఫరవాలేదనలేదు. ఒక్కదాన్నే లేవాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలన్నాను. మెట్లెక్కాలంటే చేత్తో కాలు ఎత్తి పై మెట్టు మీద పెట్టుకోవాలన్నాను. బస్సు ఎక్కగలను, నా కోసం అది అయిదు నిమిషాలు ఆగితే, ఆగదు అన్నాను. ఆయన అన్నీ రాసుకున్నాడు. కానీ పెన్ను ఆపి, పాత కాగితం తీశాడు. ఆయన ఇబ్బంది ఆయన మొహంలో కనబడుతూనే ఉంది. నవంబరులో నేను డబ్బా మోసుకుంటూ డెబ్బై మీటర్లు నడిచిన మాట నిజమే కదా, మూడు నెలల్లో ఇంత మార్పంటే పైవాళ్ళు అడుగుతారు కదా, తనేం చెప్పాలి అన్నాడు. అబద్ధమాడుతున్నారని మాత్రం అనలేదు. అనుకుంటున్నాడని నాకు తెలుసు.

నేను పక్కన మడత పెట్టి ఉంచుకున్న నా పాత గోధుమరంగు ప్యాంటు ఆయన ఒళ్ళో పెట్టాను.

"ఎడమ జేబులో చెయ్యి పెట్టండి."

ఆయన అనుమానంగా పెట్టాడు. చెయ్యి మణికట్టు దాటి లోపలికి పోయింది. ఇంకా పోయింది. మోచేతి దాకా వెళ్ళాక వేళ్ళు ప్యాంటు కాలు మధ్యలో కదిలాయి. ఆయన తన వేళ్ళ వంక చూశాడు. అప్పుడు చెప్పాను. మా అమ్మ సంగతి, జేబు సంగతి, ఆ రోజు కిమ్చీ డబ్బా ఏ చేత్తో మోశాను, రెండో చెయ్యి ఎక్కడుంది, ఆయన కారు మలుపు తిరిగాక ఎవరి వీపు మీద ఇంటికొచ్చాను, అన్నీ. చెప్తుంటే నా గొంతు పెరిగింది. తగ్గించుకోలేదు.

చివరికి ఆయన మెల్లిగా, నడిచి చూపించగలరా, అక్కడ తలుపు దాకా చాలు అన్నాడు.

సోఫా చెయ్యి పట్టుకుని లేచాను. అలవాటుగా ఎడమచెయ్యి జేబులోకి పోయింది, గుడ్డకి కొట్టుకుని ఆగింది. బయటికి తీశాను. అందరి ముందూ మోకాలి మీద వేసి నొక్కాను. నడుము వంగింది, భుజం పక్కకి ఒరిగింది, పిరుదు బయటికి పొడుచుకొచ్చింది. ఒక అడుగు. నొక్కు, ఒరుగు, ఈడ్చు. మళ్ళీ ఒకటి. తలుపు దాకా పదకొండు అడుగులు, తిరిగి పదకొండు. పడవ గట్టుకి కొట్టుకుంటున్నట్టు ఊగుతూ నడిచాను. ఎవరినీ చూడకుండా నడుద్దామనుకున్నాను. వెనక్కి తిరిగాక మనసు మార్చుకుని అందరినీ చూస్తూనే నడిచాను.

మా ఆయన గోడకి చేరగిలబడి ఉన్నాడు. ఆయన ఏడుపు మొహం నేను ముప్పై ఆరేళ్ళలో చూడలేదు. మా వదిన వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"ఇన్నేళ్ళూ నా కళ్ళముందు ఇలాగే నడిచావా?"

"లేదు వదినా. ఇలా కనబడకూడదనే ఇన్నేళ్ళూ చచ్చాను."

ఆమె వచ్చి నా వెనక దిండు సరిచేసింది. ముప్పై ఆరేళ్ళలో ఆమె నాకు దిండు పెట్టడం అదే మొదలు. నేను వద్దనలేదు. ఫరవాలేదనలేదు. ఆనుకుని కూర్చున్నాను.

తక్ చాలాసేపు రాసుకున్నాడు. లేచేముందు, ఇదంతా పోయినసారే చెప్పి ఉంటే ఈ మూడు నెలలు తప్పేవి కదమ్మా, ఎందుకు చెప్పలేదు అని అడిగాడు.

"మీరు ఇంటికొచ్చిన అతిథి కదా బాబూ. అతిథి ముందు ఎవరైనా కుంటుతారా?"

ఆయన నేల మీదకి వంగి, మొక్కులు మొక్కినంత నిండుగా దండం పెట్టాడు, ఆఫీసరన్న సంగతి మరిచిపోయి. నేను కూర్చునే అందుకున్నాను. ఆయన గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటుంటే, మా వదిన అలవాటు కొద్దీ కిమ్చీ డబ్బా ఎత్తుకుని నాలుగడుగులు వేసి, ఠక్కున ఆగి, ఇది కూడా రాస్తాడేమో అని గొణిగి, డబ్బాని చెప్పుల బీరువా మీద పెట్టేసింది.

మార్చి పద్దెనిమిదిన స్టిక్కరు వచ్చింది. గుండ్రంగా, పసుపుపచ్చగా, నా కారు నంబరుతో. పసుపుపచ్చదంటే బండి నడిపే మనిషిదే ఆ వైకల్యమని అర్థం. ఎవరో తీసుకొచ్చి దింపే మనిషిని కాదు నేను, నన్ను నేనే తెచ్చుకుంటాను. నా కుడికాలు నిక్షేపంగా ఉంది, గేర్లు లేని బండికి అదొక్కటి చాలు. అద్దానికి మా ఆయనే అతికించాడు, గాలి బుడగ లేకుండా, ఇంజను సీలు వేసినంత శ్రద్ధగా.

మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకి మార్టు ముందు నీలం గడిలో బండి ఆపాను. దిగి, గోధుమరంగు ప్యాంటు జేబులో చెయ్యి పెట్టుకుని, నిటారుగా రెండడుగులు వేశాను. అరవై ఏళ్ళ అలవాటు ఒక్కరోజులో పోతుందా.

"ఏమ్మా, ఆగండి."

స్తంభం పక్కన టోపీ పెట్టుకున్న పెద్దమనిషి, చేతిలో ఫోను. దొంగ పార్కింగులు పట్టి సర్కారుకి ఫోటోలు పంపే మనుషులు మా ఊళ్ళో పేటకొకరున్నారు. మంచి పనే, నేను కాదనను. ఆయన నా కారు ఫోటో అప్పుడే తీసేసినట్టున్నాడు.

"ఆ స్టిక్కరు మొగుడిదా, అత్తగారిదా? చక్కగా దిగి నడుస్తున్నారే. పైగా జేబులో చెయ్యొకటి."

చుట్టూ తోపుడు బండ్లతో వెళ్తున్నవాళ్ళు నలుగురైదుగురు ఆగారు. కూరగాయల సెక్షను ఆవిడ కూడా ఉంది, పంతొమ్మిదేళ్ళుగా నాకు మొహం తెలిసిన మనిషి. వెనక వరసకట్టిన ఆ పిల్లలు మళ్ళీ వచ్చేశారనిపించింది. స్టిక్కరు మీద అక్షరాలు చూపించి, కార్డు తీసి, సారీ చెప్పి గబగబా వెళ్ళిపోవచ్చు. వెళ్ళబోయాను కూడా. అంతలో ఆ దాచుకున్న కోపం కొంచెం మిగిలి ఉన్నట్టు తెలిసింది.

చెయ్యి జేబులోంచి బయటికి తీశాను.

"ఫోటోలో నడక కనబడదండీ. వీడియో తీయండి."

మోకాలి మీద చెయ్యి వేశాను. నొక్కాను, ఒరిగాను, ఈడ్చాను. లిఫ్టు దాకా ఇరవై అడుగులు మిగిలున్నాయి, ఒక్కటీ తొందరపడలేదు. సగం దూరంలో ఆయన ఫోను కిందికి దించేశాడు. ఆగాను. ఇంకా అయిపోలేదు, తీస్తూ ఉండండి అన్నాను. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని, తప్పయిపోయిందమ్మా అన్నాడు. అవునన్నాను. ఎప్పటిలా, అబ్బే ఫరవాలేదండీ అని మాత్రం అనలేదు. కూరగాయల ఆవిడ పరుగున వెళ్ళి లిఫ్టు తలుపు ఆపి పట్టుకుంది. ఆమెని కూడా కాసేపు ఆగనిచ్చాను. నా నడకకి ఎంత పడుతుందో అంతసేపూ.

పదికి ఎనిమిది నిమిషాల ముందు షట్టరు తీశాను. ఫ్లోరు మేనేజరు అటుగా వచ్చి, గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు. మొదటి కస్టమరు ఇంకా రాలేదు. కుర్చీలో కూర్చుని, ఎడమ జేబుని గొట్టంలా బయటికి లాగి, సూదిలో దారం ఎక్కించి, దాని అడుగు కుట్టేశాను. ఇంట్లో ఇంకా పదకొండు ప్యాంట్లున్నాయి, రోజుకొకటి చొప్పున అవగొట్టాలి.